బేబి కుర్చీ వేస్తుంది

వీరలక్ష్మికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తను ఇంట్లో లేనప్పుడు ముక్కూమొహం తెలియని మనిషెవరో గేటు తోసుకుని వస్తాడు, ఆరేళ్ల కూతురు బేబి అతనికి కుర్చీ వేసి కూర్చోమంటుంది. పామంటే ఇంత భయం లేదు. రెండేళ్ల కిందట గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చి పొయ్యిమీద కూర్చున్న గోదావరి అన్నా ఇంత భయం లేదు. ఆ భయం ఈ శనివారం మధ్యాహ్నం మూడుంపావుకి, నరసాపురం మాధవాయిపాలెం రేవులో, కిళ్ళీకొట్టు గోడకి తగిలించిన రూపాయిబిళ్ళ ఫోనులోంచి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"హలో" అంది మగ గొంతు.

తప్పు నంబరు నొక్కానేమో అనుకుంది. కానీ ఆమెకి నోటికి వచ్చిన నంబరు లోకంలో అదొక్కటే, తన సెల్లు నంబరు. మిగతావన్నీ ఆ సెల్లులోనే ఉన్నాయి, ఆ సెల్లు ఇంట్లో టీవీ మీద ఉంది, కువైట్ నుంచి భర్త సత్యప్రసాద్ చేస్తే బేబి అయినా ఎత్తుతుందని అక్కడే పెట్టి వస్తుంది. అల్లిన లేసు ముక్కలు షావుకారుకి అప్పగించి రేవుకి వచ్చేసరికి ఏరు దాటించే పంటు లేదు, ఆలస్యమవుతుందని బేబికి ఒక మాట చెబుదామని ఫోను చేసింది.

"ఎవరండీ?"

"మేడమ్ గారా? మీ ఇంట్లోనే ఉన్నామండి. ఇల్లు చూద్దామని వచ్చాం. మీరు ఉండరని తెలీదండి. పాప కూర్చోమంటే కూర్చున్నాం. మంచినీళ్ళు కూడా ఇచ్చింది. భలే పిల్లండి బాబూ."

"బేబికి ఇవ్వండి ఫోను. పక్కింట్లో వెంకటరమణమ్మ గారుంటారు, ఆవిణ్ణి పిలవండి."

"ఆవిడ పడుకున్నారంట, లేపకూడదందండి. పాప పెరట్లో ఉంది. నుయ్యి చూపిస్తానని మావాణ్ణి తీసుకెళ్ళింది. పిలుస్తానుండండి..."

కుయ్, కుయ్ అని రెండుసార్లు అరిచి ఫోను తెగిపోయింది. కొంగు ముడిలో ఇంకో బిళ్ళ ఉంది. వేళ్ళు ముడి విప్పలేకపోయాయి, పంటితో లాగింది, బిళ్ళ వేసింది. ఈసారి ఆడగొంతు, ఎవరి మీదా కోపంలేని ఆడగొంతు, మీరు చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదని చెప్పి బిళ్ళని కిందికి వదిలేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ అదే గొంతు.

ఎదురుగా గోదావరి. ఎర్రనీరు వచ్చి నాలుగురోజులైంది, ఇటుక నూరి కలిపినట్టుంది ఏరంతా. అవతల సఖినేటిపల్లి ఒడ్డు, కొబ్బరితోపుల గీత, ఆ గీతలో ఎక్కడో ఏటిగట్టు, గట్టు దిగితే ఆకుపచ్చ గేటు. పంటు ఏటి మధ్యలోనే ఉంది. ఇసుక మేటమీద కూర్చుంది. మూడు మోటారు సైకిళ్ళూ, ఒక కారూ, గొడుగులు వేసుకున్న మనుషులూ చీమల్లా కనబడుతున్నారు. సముద్రం పోటు ఎక్కితే గానీ లేవదన్నాడు టిక్కెట్లాయన, గంటో గంటన్నరో, ఎవరు చెప్పగలరమ్మా, నేనేమన్నా చంద్రుణ్ణా అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వీరలక్ష్మి కూడా నవ్వినట్టు మొహం పెట్టింది, ఎందుకు పెట్టిందో తెలియదు, చిన్నప్పటినుంచీ ఎవరు నవ్వినా నవ్వడం అలవాటు. ఫోనులో మనిషి మావాడు అన్నాడు. మావాడంటే ఎవరు, కొడుకా, తమ్ముడా, స్నేహితుడా, పదేళ్లవాడా ముప్పయ్యేళ్లవాడా. నుయ్యి చూపిస్తానంది. నూతి గట్టు వరదప్పుడు తూర్పువైపు కుంగింది, మోకాలెత్తు కూడా లేదు అక్కడ. ఒక్కదానివీ నూతి దగ్గరికి వెళ్ళకూడదే, పెద్దవాళ్ళు పక్కనుంటేనే వెళ్ళాలి అని రోజూ చెబుతుంది. బేబి చెప్పిన మాట వింటుంది. వింటుంది కాబట్టే వెళ్ళింది. పక్కన పెద్దవాళ్ళున్నారుగా.

ఆ పిల్లకి కుర్చీ వేయడం నేర్పింది తనే. నిరుడు కువైట్ నుంచి సత్యప్రసాద్ స్నేహితుడు ఒకాయన పాలపొడి డబ్బా, సబ్బులూ పట్టుకుని వచ్చాడు, తను రేషను షాపుకి వెళ్ళింది, బేబి తలుపు వెనక్కి పోయి నక్కింది. ఆయన ఎండలో అరగంట నిలబడి సంచీ గేటుకి తగిలించి వెళ్ళిపోయాడు. ఆ సంగతి తోడికోడలి చెవినపడి, మన ఇంటికొచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టిందంట, ఏటిగట్టు పిల్ల కదా, ఏం తెలుస్తుంది అని నలుగురిలో అంది. ఏటిగట్టు పిల్ల అంటే తను. అప్పటినుంచి సాయంత్రాలు తల్లీ కూతుళ్ళకి అదొక ఆట. వీరలక్ష్మి గేటు బయటికి వెళ్ళి గొంతు మార్చేది. ఏవండీ, నేను గ్యాసు బండ ఆయన్నండీ. బేబి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ రెండు చేతులతో ఈడ్చుకుంటూ వచ్చేది, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా, అమ్మ వచ్చేస్తది. ఏవండీ, నేను పోస్టుమేన్నండీ. కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా. గ్లాసులో వేళ్ళు ముంచకూడదే. అడుగున పట్టుకోవాలి. అలాగా. అలా. ఒకరోజు బేబి అడిగింది, అందరికీ వెయ్యాలా అమ్మా? అందరికీనే. దొంగొస్తే? తను పగలబడి నవ్వింది. దొంగ గుమ్మంలోంచి రాడు తల్లీ అంది. గుమ్మంలోంచి రాడు. ఆ మాట అన్న నోరు ఇదే. ఈ నోటితోనే ఇప్పుడు కొంగు ముడి విప్పుకుంది.

నూతి గట్టు సంగతి కూడా తనే రాయించింది. అన్నీ తనే రాయించింది. కువైట్లో సత్యప్రసాద్ గదిలో ఉండే ఒకాయన చెప్పాడంట, హైదరాబాదులో కొత్తగా కంపెనీ పెట్టారు, మీగుమ్మం డాట్ కామ్, ఇల్లు అమ్ముకునేవాళ్ళు బ్రోకర్ల చుట్టూ తిరగక్కర్లేదు, కంప్యూటర్లో ఇంటి వివరాలు నింపితే చుట్టుపక్కల ఏజెంట్లలో మంచివాళ్ళని ముగ్గుర్ని కంపెనీయే ఏరి పంపుతుంది, ముగ్గురూ పోటీ పడతారు, నచ్చినాయన్ని మనం పెట్టుకోవచ్చు. అమ్మేద్దామని పట్టుబట్టింది తనే. ఇంకో వరద ఈ ఇంట్లో నావల్ల కాదండి, పిల్లని అటకమీద కూర్చోబెట్టి రాత్రంతా కొవ్వొత్తి పట్టుకున్నాను, మీరు అక్కడ ఉన్నారు, మీకేం తెలుసు అని ఫోనులో ఏడ్చింది. రాజమండ్రిలో చిన్న వాటా కొనుక్కుందాం అన్నాడతను. సరే. నీళ్ళొస్తాయని భయపడి మనుషుల్ని పిలిచింది. నీళ్ళు వచ్చేముందు చెప్పి వస్తాయి, టముకు వేస్తారు, గట్టుమీద గుర్తులుంటాయి, మొదటి గుర్తు, రెండో గుర్తు. ఈ మనిషికి ఏం గుర్తు వేస్తారు.

మలికిపురంలో సాయిబాబు ఇంటర్నెట్ సెంటరు. ఫ్యాను గాలికి కర్టెన్లు ఎగురుతుంటే పక్కన ఎవరో కుర్రాళ్ళు కిసుక్కుమంటున్నారు. సాయిబాబు ఒక్కో గడీ చదివి అర్థం చెప్పాడు. గదులెన్ని, నుయ్యా కుళాయా, చెట్లెన్ని. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎనిమిదో తరగతి దాకా చదివింది తను, తొమ్మిదికి ఈ రేవే దాటి నరసాపురం రావాలి, ఆ ఏడు ఇదే ఏట్లో నావ ఒకటి బోల్తాపడింది, ఆడపిల్లకి ఇంక చాల్లే అన్నాడు నాన్న, పలకాబలపం అటకెక్కింది. ఆ ఎనిమిదేళ్లలో బుర్రలో గట్టిగా నిలిచింది సోషలు మాస్టారి మాట. ఖాళీ వదలకండర్రా. తెలిసిందేదో రాసి చావండి. రాస్తే సగం మార్కయినా వేస్తారు, ఖాళీకి ఎవడూ వెయ్యడు.

"అక్కగారూ, ఈ గడి అక్కర్లేదండి. చుక్క పెట్టలేదు చూడండి, నింపకపోయినా తీసుకుంటది" అన్నాడు సాయిబాబు.

"ఉండనీండి బాబూ, నింపేద్దాం. ఖాళీగా ఉంటే ఏం బావుంటది."

"ఇది పరీక్ష కాదండి."

"ఆయ్. అయినా రాసెయ్యండి."

రాసేశాడు. ఇంట్లో ఎవరెవరుంటారు, నేనూ మా పాపా, మావారు కువైట్లో డ్రైవరు, రెండేళ్లకోసారి వస్తారు. ఇల్లు చూడ్డానికి ఎప్పుడు రావచ్చు, శనివారం తప్ప ఎప్పుడైనా రావచ్చు, శనివారం మధ్యాహ్నం నేను లేసు ఇచ్చి రావడానికి నరసాపురం వెళతాను, పాప ఒక్కతే ఉంటుంది, పక్కింటావిడ చూస్తుంటుంది. తాళంచెవి ఎక్కడుంటుంది, వసారా దూలం మీద, ఎడంచేతివైపు. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా, నూతి గట్టు ఒకవైపు కుంగింది, మిగతా ఇల్లు గట్టిది. దాచి అమ్మితే పాపం కదా అనుకుంది. వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి కంపెనీ అమ్మాయి ఫోను, మేడమ్, మీ ఫారం నూటికి నూరుశాతం పూర్తయింది, ఇప్పటిదాకా మా దగ్గర ఎవరూ అంత పూర్తిగా నింపలేదు అంది. నూటికి నూరు. జన్మలో ఎప్పుడూ రాలేదు తనకి. లెక్కల్లో ముప్పయ్యారే ఎక్కువ. ఆ రోజంతా లేసు అల్లుతూ నూటికి నూరు, నూటికి నూరు అని గొలుసు కుట్లు లెక్కపెట్టుకుంది. వెధవ బతుకు.

మీరు ఉండరని తెలీదండి అన్నాడు. ఎలా తెలీదు? రాసుంది కదా. శనివారం ఉండనని రాసుంది, చదవకుండా వస్తాడా ఏజెంటన్నవాడు? చదివి వచ్చాడు. చదివే శనివారం వచ్చాడు. కాదు, చదవలేదేమో, ఎవరు చదువుతారు అంత బారున, గదులూ చెట్లూ చూసుకుని వచ్చేసి ఉంటాడు, మంచివాడేమో, భలే పిల్లండి అన్నాడు, మంచివాళ్ళే అంటారు అలా. మంచివాళ్ళే అంటారా? గొంతులో నవ్వుంది. ఎలాంటి నవ్వు? గుర్తు తెచ్చుకుందామంటే ఆ నవ్వు ఒకసారి మేనమామ నవ్వులా ఉంది, ఒకసారి నోట్లో వక్కపొడి వేసుకున్నవాడి నవ్వులా ఉంది, తలచుకున్నకొద్దీ మారిపోతోంది, ఇంక తలచుకోకూడదు. మూడు పేర్లు మెసేజి వచ్చాయి కంపెనీ నుంచి. రాజమండ్రి ఆయన ఒకరు, భీమవరం ఆయన ఒకరు, మూడో పేరు ఇంగ్లీషులో పొట్టి అక్షరాలు, ఎవరో చదవలేకపోయింది, సాయిబాబు చేత చదివిద్దాం అనుకుని ఊరుకుంది. ఆ మెసేజి కూడా ఆ సెల్లులోనే ఉంది. ఆ సెల్లు ఇప్పుడు అతని చేతిలో ఉంది.

ఫోటో. ఫోటో సంగతి మర్చిపోయింది ఇంతసేపు, ఎలా మర్చిపోయింది. సాయిబాబు స్కూటరు మీద వచ్చి చిన్న కెమేరాతో ఇంటిని నాలుగు వైపులా తీశాడు. గుమ్మం తీసేటప్పుడు బేబి అడ్డం జరగలేదు, అతనికి కుర్చీ వెయ్యడానికి వచ్చింది కదా, కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడింది, నీలం గౌను, ఒక జడ విడిపోయింది. ఉండనీండి, ఇంటికి కళ వచ్చింది అన్నాడు. కువైట్లో సత్యప్రసాద్ ఎవరి కంప్యూటర్లోనో ఆ ఫోటో చూసి వెంటనే ఫోను చేశాడు. ఎంత ఎదిగిపోయిందే, ముందుపళ్ళు ఊడిపోయాయే, ఆ ఫోటో తీయించెయ్యకు, రోజూ డ్యూటీ దిగాక చూసుకుంటున్నాను అన్నాడు. అందుకని తీయించలేదు. మొన్న కంపెనీ అమ్మాయి మళ్ళీ చేసి, మీ ఇంటిని ఇప్పటికి రెండొందల పన్నెండుమంది చూశారు మేడమ్ అంది, అభినందనలు అన్నట్టుగా. తనకీ గర్వంగానే అనిపించింది. తీర్థంలో కూడా అంతమంది చూడలేదు తమని. రెండొందల పన్నెండు. అందులో ఒకరు వాళ్ళ నాన్న. మిగతా రెండొందల పదకొండుమంది ఎవరు. ఆ పిల్ల జడ విడిపోయిందని ఎంతమందికి తెలుసు.

పోలయ్య నావ ఒకటి రేవు వారన కొయ్యకి కట్టి ఉంది. అతను లోపల కూర్చుని వల చిక్కు తీసుకుంటున్నాడు. బురదలోకి దిగి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళింది.

"పోలయ్యా, నన్ను అవతలికి దింపెయ్యి."

"ఏటమ్మా, ఎర్రనీరు కనబడతల్లేదా? పాటు తీస్తంది. ఈ నావెక్కితే నువ్వు సఖినేటిపల్లి కాదు, అంతర్వేది దాటి సముద్రంలో తేలతావు. మీ ఆయన కువైట్లోనే కదా, ఆడ దింపమంటావేటి?"

"నవ్వులాటకి కాదు పోలయ్యా, ఎంతడిగితే అంత ఇస్తాను."

అతను తలెత్తి ఆమె మొహం చూశాడు. వల చేతిలోనే ఆగిపోయింది. "ఏమైందమ్మా, ఎవరికైనా బాగోలేదా?"

ఏం లేదు, పిల్ల ఒక్కతే ఉంది, అంతే అంది. అంతే అని ఎందుకంది. చెప్పెయ్యొచ్చు కదా. కానీ చెబితే మొదటినుంచీ చెప్పాలి. ఇల్లు అమ్మకానికి పెట్టాననాలి. ఎవరికీ తెలియకుండా పెట్టాననాలి. అసలు ఆ కంపెనీ దగ్గరికి వెళ్ళిందే ఎవరికీ తెలియకూడదని. తెలిస్తే బావగారు వస్తారు, అన్నదమ్ముల గోడపక్కకి పరాయివాణ్ణి తెస్తావా అంటారు, తోడికోడలు వీధిలో నిలబడి దీర్ఘాలు తీస్తుంది. అందుకని వెంకటరమణమ్మ గారికి కూడా చెప్పలేదు. ఎవరైనా ఇల్లు చూడ్డానికి వస్తారు, పిల్లని ఒక కంట కనిపెట్టండి అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ ముసలావిడ కంటిమీద కునుకు వేసేదా. ఆవిడకేం తెలుసు. ఎవరికేం తెలుసు. ఊరికి తెలియకూడదని లోకానికి చెప్పింది. పాటు మారేదాకా కాసుకో అన్నాడు పోలయ్య, పంటు లేవకపోతే అప్పుడు చూద్దాం.

ఒడ్డు ఎక్కుతూ చూసింది, టీ బడ్డీ తాటాకు పందిరి కింద బల్లమీద చిన్నబ్బాయి గారు. అదే నల్లగొడుగు, అదే రెక్సిను సంచీ. మొహం తిప్పుకుని కిళ్ళీకొట్టు చాటుకి వచ్చేసింది. తమ ఊళ్ళో ఇల్లన్నా దొడ్డన్నా చేతులు మారిందంటే ఆయన మధ్యనుండాల్సిందే. ఆయన్ని కాదనే కంపెనీకి వెళ్ళింది తను. ఆయన టీ బడ్డీలో కూర్చుంటే బడ్డీ అంతా వింటుంది. ఇప్పుడు తను ఇలా వణుకుతూ కనబడితే చాలు, సాయంత్రానికి ఊళ్ళో తెలిసిపోతుంది. ఆయన పద్ధతి వేరు. వీధిలో నిలబడి దగ్గుతాడు. ఇంట్లో మగవాళ్ళెవరైనా వచ్చి రమ్మనేదాకా మెట్టెక్కడు. గల్ఫు వెళ్ళినవాళ్ళ ఇళ్ళకయితే ఒక్కడూ రాడు, భార్య కాంతం గారిని వెంటబెట్టుకొస్తాడు, ఆవిడ లోపలికి వెళ్ళి గదులూ అటకా చూసి వస్తుంది, ఆయన అరుగుమీద కూర్చుని రోడ్డువైపు మొహం పెట్టి ఆవిడ చెప్పింది కాగితం మీద రాసుకుంటాడు. దానికి ఊరంతా నవ్వేది. పెళ్ళాం కళ్ళతో ఇళ్ళు అమ్ముతాడు అనేవారు. తనూ నవ్వింది. ఇప్పుడు తన వసారాలో కుర్చీలో కూర్చున్నవాడు ఎటువైపు మొహం పెట్టాడు?

మూడూ నలభై. కిళ్ళీకొట్టు గడియారం. పావుగంటకి ఇరవై నిమిషాలు పడుతోంది. బేబి ఇప్పుడేం చేస్తోంది. ఊడిన పన్ను చూపిస్తూ ఉంటుంది. కొత్తవాళ్ళు కనబడితే అదే ముందు చూపిస్తుంది. తర్వాత కుందేలు బొమ్మ. తర్వాత వాళ్ళ నాన్న ఫోటో, మా నాన్న చాలా దూరంలో ఉన్నాడు, విమానం ఎక్కితే గానీ రాడు అని చెబుతుంది. అది కూడా తనే నేర్పింది, నాన్న ఎక్కడంటే ఏడవకుండా చెప్పాలని. మావాడు అన్నవాడు నూతిలోకి తొంగిచూస్తూ ఉంటాడు. ఎంత లోతు పాపా? బేబి రాయి వేసి చూపిస్తుంది. తొంగి చూస్తుంది, డుబుక్కుమనేదాకా తొంగి చూస్తుంది, అది దానికి ఇష్టం, కుంగినవైపే నిలబడుతుంది, అటువైపయితే అందుతుంది కదా. పాదాల వేళ్ళమీద లేస్తుంది. వద్దు. ఇంకేదైనా అనుకోవాలి. లేసు. ఎనిమిది గొలుసులు, ఒక స్తంభం కుట్టు, మూడు గొలుసులు, గుండ్రం తిప్పు. ఎనిమిది గొలుసులు. దూలం మీద తాళంచెవి. ఎడంచేతివైపు. అంత వివరంగా ఎందుకు చెప్పావే, ఎడంచెయ్యి కుడిచెయ్యి ఎవరడిగారు నిన్ను. ఒక స్తంభం. మూడు గొలుసులు. ఫోను ఎందుకు అందుబాటులో లేదు. అప్పటిదాకా ఉంది, మాట్లాడాడు, మరుక్షణం లేదు. ఎవరు ఆపారు. ఎందుకు ఆపారు.

కాళ్ళు వాటంతటవే పందిరి కిందికి వెళ్ళాయి. ఆయన ముందు నిలబడింది. ఏం మాట్లాడాలో అనుకోలేదు.

"చిన్నబ్బాయి గారూ. మా ఇల్లు అమ్మకానికి పెట్టేనండి."

బడ్డీలో గ్లాసుల చప్పుడు ఆగింది. ఆయన గొడుగు మడిచి పక్కన పెట్టాడు.

"తెలుసమ్మా" అన్నాడు మెల్లిగా.

"తెలుసా అండీ?"

"మా అల్లుడు హైదరాబాదులో నా పేరు ఆ కంపెనీలో రాయించేడమ్మా, మావయ్యగారూ కాలం మారింది అంటూ. పదిరోజుల కిందట సెల్లుకి మెసేజి వచ్చింది. చదివించుకుంటే మీ ఇల్లే. వాళ్ళు ఏరిన ముగ్గురిలో నేనొకణ్ణి. మీవారు దేశంలో లేరు, మీ అంతట మీరు నోరు విప్పలేదు. నేనొచ్చి గుమ్మంలో నిలబడితే ఏం మర్యాద? అందుకని ఊరుకున్నాను. మా కాంతంతో కూడా అనలేదు."

వీరలక్ష్మికి ఇప్పుడు అర్థమైంది. పొట్టి అక్షరాల మూడో పేరు ఈయనదే. ఎవరి నోటికి జడిసి ఇంతదూరం పోయిందో ఆ నోరు పదిరోజులుగా మూసుకునే ఉంది. గబగబా చెప్పింది, ఫోనూ, మగ గొంతూ, మావాడూ, నుయ్యీ, శనివారమూ, అన్నీ ఒకదానిమీద ఒకటి పడిపోతూ. వింటున్నకొద్దీ ఆయన మొహంలో నిదానం పోయింది. అది చూసే ఎక్కువ భయం వేసింది ఆమెకి. కంగారు పడకమ్మా అంటాడేమో అనుకుంది, అనలేదు.

"వాళ్ళ పేర్లేంటమ్మా? మనిషి ఎలాంటివాడు?"

"రాజమండ్రి ఆయనో, భీమవరం ఆయనో, పేర్లు గుర్తులేవండి. మీతోపాటు ఏరినవాళ్ళేగా, మీకు తెలీదా అండీ?"

"మా ముగ్గుర్నీ పోటీ పెట్టేరుగా తల్లీ. ఒకడెవరో ఇంకొకడికి చెప్పరు." చొక్కా జేబులోంచి సెల్లు తీసి, కళ్ళకి దూరంగా పెట్టుకుని నొక్కాడు. చెవిదగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. ఇంకెవరికో నొక్కాడు. "కాంతం అందట్లేదు. కరణంగారి ఇల్లూ అంతే. అటు ఎవరికి చేసినా అదే పాట. టవరు పడిపోయినట్టుందమ్మా. కరెంటు పోతే దాని పనీ అంతే."

అయితే అతను ఆపలేదు. టవరు పడిపోయింది, అతను ఆపలేదు. ఒక ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి బయటికి వదిలేలోపే ఇంకొకటి తట్టింది. కరెంటు లేదు కాబట్టి వెంకటరమణమ్మ గారు ఎప్పటిలా వెనక వసారాలో, తడిక అవతల, గాలికి పడుకుని ఉంటుంది. ఆవిడకి ఒక చెవి వినబడదు. వినబడే చెవి తలగడకి ఆనించి పడుకుంటుంది.

చిన్నబ్బాయి గారు గట్టుమీదికి వెళ్ళి రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి పంటువైపు కేక వేశాడు. అరవయ్యేళ్ల మనిషి, ఊళ్ళో ఎవరింటి ముందైనా దగ్గడమే తప్ప గొంతెత్తని మనిషి. కేక సగం ఏరు కూడా దాటలేదు. సంగతి విని పోలయ్య నావ విప్పబోతే ఆయనే ఆపాడు. అదిగో, పోటు తిరిగింది, పంటు కదిలిందన్నాడు. నిజంగానే కదిలింది. మేటమీదనుంచి నిద్ర లేచినట్టు బద్ధకంగా జరిగి, ఇటు తిరిగి, వచ్చింది, దిగేవాళ్ళు దిగారు, ఒక్కొక్క మోటారు సైకిలూ దిగింది, కారు దిగింది, కారులో పిల్ల ఎవరో కిటికీలోంచి ఆమెకి చెయ్యి ఊపింది. టిక్కెట్లాయన ఈసారి నవ్వులాట ఆడలేదు. రేవంతా తెలిసిపోయింది. సాయంత్రానికి ఊరికి తెలియడం కాదు, ఇప్పుడే, రెండు జిల్లాలకీ తెలిసిపోయింది. తెలియనీ. ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మైకుంటే మైకులో చెబుతుంది.

పంటు నడుస్తోంది. ఇంజను చప్పుడుకి కాళ్ళకింద రేకు వణుకుతోంది. వీరలక్ష్మి ముందువైపు గొలుసు దగ్గర నిలబడింది, గొలుసు దాటి ముందుకి వంగితే ఒడ్డు అంత దగ్గరవుతుందన్నట్టు. వెనక చిన్నబ్బాయి గారు ఇంకా నొక్కుతూనే ఉన్నాడు, కాంతం, కాంతం అని ఫోనులో కాకుండా గాలిలోకే అంటున్నాడు. ఇందాకటిదాకా ఆ ఇంట్లో ఇంకెవరూ అడుగుపెట్టకూడదని మొక్కుకుంది. ఇప్పుడు ఎవరో ఒకరు వెళ్ళాలి, ఎవరైనా సరే, పేరు తెలియనివాళ్ళయినా సరే, ఆకుపచ్చ గేటు తోసుకుని లోపలికి వెళ్ళాలని మొక్కుతోంది. ఆ ఒడ్డున తనకి కనబడుతున్నవన్నీ మనుషులే. తోపులో కాయలు కోయిస్తున్నవాళ్ళు, గట్టుమీద సైకిలు నడుపుకుంటూ పోతున్న ఒకతను, బట్టలు ఉతుక్కుంటున్న ఇద్దరు. వాళ్ళకి వినబడదు. ఇంకా సగం ఏరుంది.

మీరు ఆ ఒడ్డున ఉన్నారు కదా. ఒక్కసారి వెళ్ళి చూడండి. రేవు దగ్గర గట్టెక్కి ఎడంచేతివైపు పదినిమిషాలు, వరద గుర్తులు వేసిన రాయి దగ్గర దిగండి, మూడో ఇల్లు. గేటుకి గొళ్ళెం ఉండదు, తోస్తే వస్తుంది. ముందు పెరట్లోకి వెళ్ళండి, నూతి దగ్గరికి. పేరు బేబి. నీలం గౌను అయినా ఉంటుంది, బడి బట్టలయినా ఉంటాయి. మిమ్మల్ని చూడగానే ఎర్ర కుర్చీ ఈడ్చుకొస్తుంది. కూర్చోండి. మంచినీళ్ళు ఇస్తే తాగండి. అప్పటికే అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే, వాళ్ళు లేచి వెళ్ళేదాకా మీరు లేవకండి. అమ్మ పంటు ఎక్కిందని చెప్పండి.